కొవ్వు వరుస ఒక్కటే

అల్లుడు గడపలో కాలు పెడితే చాలు, గుడ్లు పెట్టే పెట్టనైనా సరే కోసి కుండలో వేయాల్సిందే. మాసాన్ ఊళ్ళో అత్తగారు బోంగ్సూన్ ఈ మర్యాదని తొమ్మిదేళ్ళుగా ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ తొమ్మిదేళ్ళ మర్యాదంతా ఒకనాడు ఆసుపత్రి తెర మీద లెక్కతో సహా కనిపించింది. అల్లుడు ప్యో దోంగ్యూ కాలేయంలో కొవ్వు ముప్ఫై అయిదు శాతం.

మామూలు రోజుల్లో అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. దోంగ్యూ డ్రైవింగ్ స్కూల్లో నేర్పేవాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కారులో పక్క సీట్లో కూర్చుని, నేర్చుకునేవాడు బ్రేకు తొక్కనప్పుడల్లా తను తొక్కడమే అతని వ్యాయామం. తొంభై నాలుగు కిలోలున్నాడు. కానీ ఇప్పుడు ఆ కాలేయంలో సగానికి పైగా అతని మామగారికి కావాలి.

మామగారు మేంగ్ తేసిక్ పురపాలక సంఘం ఆఫీసు ఎదురుగా చిన్న కొట్లో, సంతకానికి బదులు వేసే పేర్ల ముద్రలు చెక్కేవాడు. కంటికి భూతద్దం బిగించుకుని, చిటికెన వేలంత కర్రముక్క చివర మూడక్షరాలు చెక్కడం ఆయన పని. పదకొండేళ్ళుగా కాలేయం జబ్బుతో నెట్టుకొస్తున్నాడు. ఈ ఏడు అది గట్టిపడి, అందులో చిన్న గడ్డ కూడా కనిపించింది. కూతురు సోరా కాలేయం చాలా చిన్నదన్నారు. ఇంకెవరూ లేరు. అప్పుడు దోంగ్యూ, ఫ్రిజ్ మేడ మీదికి ఎక్కించడానికి ఓ మనిషి కావాలంటే ముందుకొచ్చినట్టు, "నాది చూడండి" అనేశాడు. రక్తం సరిపోయింది, కొలత సరిపోయింది, కొవ్వు దగ్గర ఆగిపోయింది.

"పది శాతం లోపలికి దిగాలి" అన్నాడు డాక్టరు. "బరువు కూడా తగ్గాలి. కొవ్వు తక్కువ తిండి, రోజూ నడక. ఆరు వారాల తర్వాత మళ్ళీ చూద్దాం. దిగకపోతే కోయడం మీకే ప్రమాదం, నేను ముట్టుకోను."

దిగకపోతే మామగారు చనిపోయినవాళ్ళ కాలేయం కోసం వరుసలో నిలబడాలి. ఆ వరుస ఎప్పటికి కదులుతుందో ఎవరికీ తెలియదు. ఆయనకి అంత వ్యవధి లేదని మాత్రం అందరికీ తెలుసు.

ఆసుపత్రివాళ్ళు సన్నటి అక్షరాలతో నాలుగు పేజీల కాగితం ఇచ్చి, గురువారం తిండి పాఠం ఉంది, తప్పక రండి అన్నారు. ఆ సాయంత్రమే మొగుడూ పెళ్ళాం సూపర్ మార్కెట్‌కి వెళ్ళారు. అక్కడ మొదలైంది అయోమయం.

దోంగ్యూ నూడుల్స్ పొట్లం తిప్పి చూశాడు. "కొవ్వు పదహారు గ్రాములట. పక్కనే ముప్ఫై శాతం అని ఉంది. అంటే ఇందులో ముప్ఫై శాతం కొవ్వేనా?"

"కాదు. మనిషి రోజు మొత్తంలో తినాల్సిన కొవ్వులో ముప్ఫై శాతం దీంతోనే అయిపోతుందని."

"ఏ మనిషి? నాలాంటివాడా, మామూలు మనిషా?"

"నాకేం తెలుసు? ఎవడో ఓ మనిషి!"

బిస్కెట్ల పొట్లం మీద కొవ్వు అయిదే గ్రాములు. దోంగ్యూ ముఖం వెలిగింది. రెండు పొట్లాలు బుట్టలో వేశాడు. సోరా తీసి చదివి ఒకటి అతని చేతిలో పెట్టింది. "ఇది ముప్ఫై గ్రాములకి లెక్క. పొట్లంలో తొంభై ఉన్నాయి."

"ముప్ఫై గ్రాములంటే ఎన్ని?"

"నాలుగు బిస్కెట్లు."

"నాలుగు బిస్కెట్లు తిని పొట్లం మడిచి పెట్టే మనిషి ఈ ఊళ్ళో ఎవడున్నాడే? వాణ్ని ఒకసారి చూపించు, కాళ్ళకి దండం పెడతాను."

పెరుగు డబ్బా మీద కొవ్వు మూడు గ్రాములు, దాని కిందే కాస్త లోపలికి జరిపి సంతృప్త కొవ్వు రెండు గ్రాములు. దోంగ్యూ రెండూ కలిపి అయిదన్నాడు. కింద ఉన్నది పైదాంట్లోదే, కలపకూడదంది సోరా. మరి కలపకూడనిదాన్ని కింద ఎందుకు రాశారన్నాడు. ట్యూనా చేప డబ్బా మీద ఉన్న కొవ్వు లెక్క నూనె వంపేశాకా, వంపకముందా? ఇద్దరూ చెరో పక్క పట్టుకుని డబ్బాని గుండ్రంగా తిప్పి చదివారు, తేలలేదు. చివరికి ఏ బాధా లేదని టోఫూ తీసుకుంటే దాని మీద కూడా కొవ్వు అని ఉంది.

"టోఫూలో కూడానా!" అని దోంగ్యూ అంత గట్టిగా అరిచేసరికి, పక్కన సొరచేప ముక్కలు అమ్మే ఆవిడ కత్తి ఆపి చూసింది. ఆ రోజు ఇంటికి వాళ్ళు ఒక ముల్లంగి తీసుకొచ్చారు. ముల్లంగి మీద ఏమీ రాసి లేదు.

ఆదివారం అత్తగారింటికి వెళ్ళారు. బోంగ్సూన్ గారు తొమ్మిదేళ్ళలో మొదటిసారి కోడి లేకుండా భోజనం బల్ల వేసి, అల్లుడికి అన్నం లేకుండా చేసినంత సిగ్గుపడింది. నువ్వుల నూనె సీసా పక్కింటివాళ్ళకి ఇచ్చేసిందట. "చప్పటి తిండి పెడుతున్నానని అనుకోకండి అల్లుడుగారూ. మీ మామయ్య ప్రాణం మీ పొట్టలో ఉంది" అని, తల దించుకుని, ఉడికించిన క్యాబేజీ ఆకులు ఒక్కొక్కటే అతని పళ్ళెం వైపు జరిపింది.

భోజనం అయ్యాక మామగారు చెయ్యి చాపాడు. "ఆ నాలుగు పేజీలూ ఇలా ఇవ్వు. సన్నక్షరాలు నాకలవాటు." భూతద్దం పెట్టుకుని ఆ మొదటినుంచి ఈ చివరిదాకా చదివాడు. మామూలుగా ఆయన రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ రోజు మాత్రం అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పాఠమే చెప్పాడు.

"గురువారం నీకు లైసెన్సు పరీక్షల రోజు కదా. ఆ క్లాసుకి వెళ్ళకు. పదకొండేళ్ళుగా నేను అందులోనే కూర్చున్నాను, నేను చెబుతా. ఇన్ని వరుసలు చదివితే బుర్ర పాడవడం తప్ప లాభం లేదు. ఒక్కటే చూడు. కొవ్వు అన్న వరుస. ఎన్ని గ్రాములుందో చూడు, నువ్వు ఎంత తింటున్నావో చూసి హెచ్చవేయి. రోజుకి ఇరవై దాటకూడదు. కాగితం నా దగ్గరే ఉండనీ. అంతే."

"శాతం?"

"చూడకు."

"చక్కెరలు అని కూడా ఉంది మామయ్యా, ముప్ఫై గ్రాములట."

"అది చక్కెర జబ్బువాళ్ళకి. నీకు చక్కెర జబ్బుందా?"

"లేదు."

"మరి?"

దోంగ్యూకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి ఒక మనిషి తనకి అర్థమయ్యేలా చెప్పాడు. చిన్న నోటు పుస్తకం కొని, రోజూ తిన్నదీ, దాని పక్కన కొవ్వు గ్రాములూ రాయడం మొదలుపెట్టాడు. వేపుడు కోడి ముట్టలేదు. పంది మాంసం ముట్టలేదు. స్కూలు వెనక బండి మీద నూనెలో వేగే పిండివంటల వాసన వస్తే కారు అద్దాలు ఎక్కించి, నేర్చుకునేవాణ్ణి ఇంకో వీధిలోకి తిప్పమనేవాడు. అసలు అంత నిష్ఠగా అతను పెళ్ళినాటి ప్రమాణాలు కూడా పాటించలేదని సోరాయే చెప్పేది.

మామగారు కూడా ఊరుకోలేదు. రెండు రోజులకోసారి, జబ్బుమనిషి, బస్సెక్కి డ్రైవింగ్ స్కూలుకి వచ్చేవాడు. చేతిసంచిలో తియ్యటి బియ్యపు పానకం సిఖ్యే డబ్బాలు, ఎర్ర చిక్కుళ్ళ తీపి ముక్కలు, ఖర్జూరంలా ముడుచుకున్న ఎండు పెర్సిమన్ పండ్లు, ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి దిమ్మలు. ఆకలితో చస్తావు, తిను అనేవాడు. దోంగ్యూ ముందుగా వరుస వెతికేవాడు. సిఖ్యే డబ్బా మీద కొవ్వు సున్నా. తీపి ముక్కల మీద సున్నా. పెర్సిమన్ల మీద ఏమీ రాసిలేదు కాబట్టి మామగారినే అడిగాడు. "పండులో నూనెక్కడుంటుంది?" అన్నాడాయన. అదీ నిజమే. అలా మధ్యాహ్నానికి మూడు డబ్బాలు చల్లగా తాగి, పుస్తకంలో మూడు సున్నాలు రాసేవాడు. ఇంత రుచిగా ఉన్న పథ్యం లోకంలో ఎవరికీ దొరకదని మామగారి మీద గౌరవం రెట్టింపైంది.

మూడో వారం సోరా అతన్ని తూకం యంత్రం ఎక్కించింది. తొంభై ఆరు.

"దిగి మళ్ళీ ఎక్కు" అంది. ఎక్కాడు. తొంభై ఆరు. ప్యాంటు తీసి ఎక్కాడు. తొంభై అయిదున్నర.

సోరా అతని చొక్కా కాలరు పట్టుకుని వాసన చూసింది. "కోళ్ళు వేపే కొట్టు ముందునుంచి నడిచొచ్చావా, లోపలినుంచి వచ్చావా?"

"ఒట్టు! చూడు పుస్తకం. నిన్న పద్నాలుగు గ్రాములు. మొన్న పదకొండు."

"పుస్తకంలో ఏమైనా రాసుకోవచ్చు. తూకం యంత్రానికి రాయడం రాదు." ఆ తర్వాత కాసేపు గిన్నెలు తోమి, వెనక్కి తిరగకుండానే అంది. "మా నాన్న కాబట్టి నువ్వు నోరు కట్టుకోలేదు. మీ అమ్మకైతే కట్టుకునేవాడివి."

ఆ మాట దోంగ్యూ గుండెలో దిగింది. కోపం రావాలి, రాలేదు. ఎందుకంటే అతనికే తన మీద అనుమానం మొదలైంది. తెలియకుండా ఎక్కడో తింటున్నానా? నిద్రలో లేచి తింటున్నానా? ఓ రాత్రి ఫ్రిజ్ తలుపుకీ అంచుకీ కలిపి టేపు అంటించి పడుకున్నాడు. తెల్లారి చూస్తే టేపు ఎక్కడిదక్కడే ఉంది. హెచ్చవేతలు తప్పాయేమోనని పుస్తకం మొదటినుంచి మళ్ళీ లెక్కపెట్టాడు. ఒక్కచోట కూడా తప్పలేదు. తినని కొవ్వు ఒంట్లోకి ఎటునుంచి వస్తోంది? గాలిలోంచా? మామగారిని అడిగితే ఆయన భూతద్దం తుడుచుకుంటూ, "కొందరి ఒళ్ళు అంతే అల్లుడూ. నీ ప్రయత్నం నువ్వు చేశావు" అన్నాడు.

ఆరు వారాలు గడిచాయి. డాక్టరు తెర మీద బొమ్మ చూసి, పాత బొమ్మ చూసి, పేరు సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకున్నాడు. ముప్ఫై తొమ్మిది.

సోరా కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళిపోయింది. మొగుడి వైపు చూడలేదు. అలా చూడకుండా వెళ్ళడం, నాలుగు తిట్టి వెళ్ళడం కంటే బాధగా ఉంది.

"మీ మామగారి గడ్డ ఇంకా పెరగలేదు కాబట్టి మరో అయిదు వారాలు ఆగుతాను" అన్నాడు డాక్టరు. "ఇదే ఆఖరు. ముందు తిండి నిపుణురాలి దగ్గరికి వెళ్ళండి."

ఆవిడ పేరు నామ్‌గుంగ్. యాభై దాటిన మనిషి, మెడలో రెండు కళ్ళజోళ్ళు. దోంగ్యూ దోషిలా నోటు పుస్తకం ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ పేజీలు తిప్పుతూ ముందు తలూపింది, తర్వాత తలూపడం మానేసింది.

"కొవ్వు లెక్క ఇంత బాగా రాసినవాణ్ణి నేను చూడలేదు. మరి ఇదేమిటి? రోజుకి మూడు సిఖ్యేలు, నాలుగు తీపి ముక్కలు, పిండి దిమ్మలు, రెండు గిన్నెల అన్నం. చక్కెర వరుస చూడలేదా?"

"అది చక్కెర జబ్బువాళ్ళకి కదండీ?"

"అయ్యో నాయనా. కొవ్వు తింటేనే కొవ్వవుతుందా? తీపీ పిండీ ఎక్కువైతే కాలేయం దాన్నే కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. నువ్వు ఇరవై నాలుగ్గంటలూ అదే పని పెట్టావు దానికి. మొదటి పేజీలోనే లావుపాటి అక్షరాల్లో ఉంది. ఎవరు చెప్పారు నీకు కొవ్వు వరుస ఒక్కటే చూడమని?"

"మా మామయ్య."

"ఏ మామయ్య?"

"మేంగ్ తేసిక్ గారు. ముద్రలు చెక్కే..."

నామ్‌గుంగ్ ఒక కళ్ళజోడు తీసి ఇంకోటి పెట్టుకుంది. "మేంగ్ గారా? పదకొండేళ్ళుగా నా క్లాసులో ముందు వరుసలో కూర్చునే మేంగ్ గారా? కొత్తవాళ్ళు వస్తే డబ్బా చేతికిచ్చి, ముందు చక్కెర చూడండి, తర్వాతే కొవ్వు అని నాకంటే ముందు చెప్పేది ఆయనే. ఆయన నీకు..." అని ఆగిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పుస్తకం మూసి నెమ్మదిగా అతని వైపు జరిపింది.

దోంగ్యూ ఆసుపత్రినుంచి పురపాలక సంఘం ఆఫీసు దాకా నడిచే వెళ్ళాడు. ముసలాయన మరిచిపోయాడా? జబ్బు బుర్రకెక్కిందా? ఆ అయోమయంలో రెండుసార్లు ఎర్ర దీపం పడ్డా రోడ్డు దాటబోయాడు, అదీ డ్రైవింగ్ నేర్పేవాడు. కొట్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం, ఆయన మరిచిపోయే మనిషి కాదని అతనికి అర్థమైంది.

మామగారు బల్ల మీద వంగి ఏదో చెక్కుతున్నాడు. చర్మం పసుపు తిరిగి, చేతులు సన్నబడ్డాయి. అల్లుణ్ణి చూసి అలవాటుగా బల్ల కింద చెయ్యి పెట్టి సిఖ్యే డబ్బా తీశాడు.

"ఆ నాలుగు పేజీల కాగితం ఇవ్వండి మామయ్యా" అన్నాడు దోంగ్యూ.

మామగారి చెయ్యి డబ్బా మీదే ఉండిపోయింది. డబ్బా వదిలి సొరుగు లాగి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. చక్కెర గురించీ అన్నం గురించీ ఉన్న ప్రతి వాక్యం కిందా ఎర్ర పెన్సిలుతో తిన్నటి గీతలున్నాయి.

"అన్నీ తెలిసే చేశారు."

"ఊఁ."

"ఎందుకు?"

"వద్దని నోటితో అంటే మీ అత్తయ్య ఏడుస్తుంది, సోరా నిద్రపోదు, అందరూ కలిసి నన్ను ఒప్పిస్తారు. నీ కాలేయమే వద్దంటే ఎవరి తప్పూ ఉండదనుకున్నాను." మామగారు భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "గోసాంగ్‌లో మీ అమ్మ చలినీళ్ళల్లో ఆల్చిప్పలు ఒలిచి నిన్నొక్కణ్ణే పెంచింది. నిన్ను కోసే సంగతి ఆవిడకి చెప్పావా? చెప్పలేదు. రేపు ఆపరేషన్ బల్ల మీద నీకేమైనా అయితే ఆవిడ గుమ్మంలో నిలబడి నేనేం చెప్పాలి? అరవై ఆరేళ్ళు బతికాను. చాలదా?"

దోంగ్యూకి ముందు వంగి దండం పెట్టాలనిపించింది, వెంటనే బల్ల తన్నాలనిపించింది.  రెండూ చెయ్యలేక అరిచాడు.

"సోరా నా చొక్కా వాసన చూసింది మామయ్యా! మా నాన్న కాబట్టి నువ్వు నోరు కట్టుకోలేదంది. ఇవాళ నా ముఖం చూడకుండా వెళ్ళిపోయింది. మీరు పోయుంటే ఏమయ్యేది? రెండు నెలలు నోరు కట్టుకోలేక మా నాన్నని చంపుకున్నాడని జన్మంతా నన్ను చూసినప్పుడల్లా అనుకునేది. అది అనకపోయినా నేను అనుకునేవాణ్ణి. నేనే ఎక్కడో తింటున్నానని ఫ్రిజ్‌కి టేపు అంటించాను, తెలుసా? ఎవరి తప్పూ ఉండదన్నారే? ఆ తప్పంతా తెచ్చి నా నెత్తిన పెట్టారు!"

 మామగారి ముఖంలో రంగు ఇంకా తగ్గింది. ఇంత చదివినవాడికీ, ఇంత ఆలోచించినవాడికీ ఆ ఒక్క సంగతి తట్టలేదని చూడగానే తెలుస్తోంది. 

"నాకు తట్టలేదు అల్లుడూ" అన్నాడు. "నిన్ను కాపాడుతున్నాననే అనుకున్నాను."

"ఇంకా అయిదు వారాలిచ్చారు. అమ్మకి ఈ రాత్రే ఫోన్ చేస్తాను, అది నా తప్పే. భయం నాకూ ఉంది. అయినా నేనే చెయ్యెత్తాను, మీరు దింపకండి." దోంగ్యూ వచ్చినవాళ్ళు కూర్చునే పీట లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని, నోటు పుస్తకంలో కొత్త పేజీ తీశాడు. "మొదటినుంచి చదవండి. ఈసారి ఉన్నది ఉన్నట్టు."

మామగారు భూతద్దం ముట్టుకోలేదు. అది లేకుండానే కాగితం దగ్గరగా పట్టుకున్నాడు.

"అన్నం పూటకి సగం గిన్నె."

"సగమా?"

"సగమే. తీపి పానీయాలు పూర్తిగా మానాలి. పండ్లు రోజుకి ఒకటి, ఎండబెట్టినవి వద్దు. చేప తినొచ్చు. టోఫూ తినొచ్చు."

"టోఫూలో కొవ్వుంది కదా?"

"ఉన్నా పర్వాలేదు. అది వేరు." ఆయన తర్వాతి వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆగాడు. కాగితం కిందికి దిగింది. "అల్లుడూ, నాకు బతకాలనే ఉంది" అన్నాడు. పదకొండేళ్ళ జబ్బులో ఆ మాట ఆయన ఇంట్లో ఎవరితోనూ అనలేదు.

"తెలుసు మామయ్యా" అన్నాడు దోంగ్యూ, పెన్ను పట్టుకుని, పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "తర్వాతి వరుస చదవండి."